గుడి మెట్లు

సోమవారం వస్తోందంటే గుండె జారిపోయే రోజులు నాకుండేవి, సహోదరులారా! కడప అవతలి మా మిషను కుష్ఠు ఆసుపత్రిలో ఆ రోజు నా కుడి అరికాలి కట్టు విప్పి చూసేవారు. వారమంతా మందు వేయించుకుని, మంచం మీద కాలు ఎత్తిపెట్టుకుని, శనివారానికల్లా కొత్త చర్మం కమ్ముకుంటూ వచ్చిన పుండు సోమవారం విప్పేసరికి నీరు పట్టి, ఉబ్బి, మళ్ళీ నోరు తెరుచుకుని ఉండేది. మధ్యలో ఆదివారం నేను చేసే పని ఒక్కటే, గుడికి పోయి ఆరాధనలో కూర్చోవడం. గుడికి పోయొచ్చిన మర్నాడే పుండు తిరగబెట్టే మనిషిని గురించి లోకం ఏమనుకుంటుందో మీకు వేరే చెప్పాలా? దాచిపెట్టిన పాపం ఏదో ఉందన్నారు, అందుకే దేవుడు తన గడప తొక్కినప్పుడల్లా కొడుతున్నాడన్నారు. మొదట కోపం వచ్చింది. తర్వాత, నిజం చెప్తున్నాను, నేనూ నమ్మడం మొదలుపెట్టాను.

నా పేరు జీవరత్నం. ఆత్మకూరు దగ్గర పల్లె మాది, అమ్మానాన్నలు పరాయివాళ్ళ చేలల్లో కూలికి పోయేవారు. మిషను బడి గోడ మీద నేను బొగ్గుతో ఎద్దులబండి గీస్తే, మా పంతులుగారు బెత్తం అందుకోవడానికి బదులు నన్ను కర్నూలులోని మిషను పనిబడికి పంపించారు. అక్కడ వడ్రంగంతో పాటు నమూనాలు గీయడం నేర్చుకున్నాను. ఆ తర్వాత మా రెండు జిల్లాల్లో మిషను వాళ్ళ గుడి బల్లలూ, ఆసుపత్రి మంచాలూ చాలామటుకు నా గీతల్లోంచి వచ్చినవే. కరువు ఏండ్లలో గంజి కేంద్రాలు పెట్టినప్పుడు కట్టెలు కూడా దొరక్కపోతే, ఒకే మంట మీద వరసగా గుండిగలు ఉడికే పొడుగాటి పొయ్యి గీసి కట్టించాను. కర్నూలు రాజధాని అయి ఊరంతా డేరాలు వెలిసినప్పుడు, కచేరీల నమూనాలు గీసే సర్కారు ఉద్యోగానికి రమ్మని పిలిచారు. దేవుని పని ఉండగా సర్కారు పని నాకెందుకని గర్వంగా కాదన్నాను.

అలా కాదన్న కొద్ది రోజులకే పాదం మీద తిమ్మిరి మచ్చ కనిపించింది. పెద్దరోగం! దేవుని పని కోసం మేలైన బతుకు వదులుకున్నవాడికి దేవుడిచ్చిన బహుమానం ఇదా అని ఎంత కుమిలిపోయానో ఆయనకే తెలుసు. బంధువులు దూరం జరిగారు. నా భార్య సంతోషమ్మ మాత్రం జరగలేదు. ఆత్మకూరులో ఆయా పని చేసుకుంటూ, నన్ను కడప బస్సు ఎక్కించి, బాగుపడి రా అని పంపింది.

ఆసుపత్రిలో మా డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి, ఎంతో మంచివారు. నాకు గీయడం వచ్చని తెలిసి పనిషెడ్డు అప్పజెప్పారు. మా రోగులకు కాళ్ళలో స్పర్శ ఉండదు, ముల్లు దిగినా తెలియదు, అందుకని మెత్తటి చెప్పులు కావాలి. ఏ పాదమూ ఇంకో పాదంలా ఉండదు గనుక ఒక్కొక్కరి కాలు కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీసి, టైరు ముక్క అడుగున, మెత్తటి రబ్బరు పైన వేసి కుట్టించేవాణ్ణి. కొన్నాళ్ళకు షెడ్డుకు పెద్దను నేనే అయ్యాను. మా వైపు చెప్పులను మెట్లంటాము గదా, అందరూ నన్ను మెట్ల మేస్త్రీ అనేవారు.

మా గుడి ఎత్తు అరుగు మీద ఉంది. కర్రల సాయంతో నడిచేవాళ్ళు ఆ అరుగు ఎక్కలేక చేతులతో పాకుతుంటే చూడలేక, పక్కనే వాలుగా ఒక దారి గీసి, నున్నటి నల్ల కడప బండలు పరిపించాను. ఎంత అందంగా కుదిరిందో! వాలు కింద చెప్పులు విడిచి, ఆ బండల మీదుగా నడిచి గుడిలోకి పోయేవాళ్ళం. ఉదయం కట్లు కట్టడం అంతా అయ్యాక గానీ ఆరాధన మొదలయ్యేది కాదు, అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చేది.

పుండు మానకపోయేసరికి డాక్టరుగారు నా నడక అంతా ఆరా తీశారు. ఒకరోజు కట్టు చూస్తూ, "గుడి దగ్గర మెట్లు వాడుతున్నావా?" అని అడిగారు.

"లేదు సార్, గుడికాడ మెట్లు ఇడిసే పోతాండా" అన్నాను.

"మంచిది, అలాగే చెయ్యి" అన్నారు. డాక్టరుగారికి ఎంత భక్తి అని మురిసిపోయాను.

పుండు మాత్రం లోతుకు పోయింది. ఎముకకు చీము పట్టకముందే మోకాలి కింద కాలు తీసెయ్యాలని, వచ్చే మంగళవారం సిద్ధంగా ఉండమని చెప్పారు. సంతోషమ్మకు కబురు పంపాను. శనివారం సాయంత్రం షెడ్డులో అందరూ వెళ్ళిపోయాక, కుట్టిన చెప్పుల మధ్య మోకరించాను. నోటికి అలవాటైన ప్రార్థన ఒక్కటీ రాలేదు. "ప్రభువా, నీ గుడికి వచ్చినందుకే నన్ను కొడతాంటే చెప్పు, రాను. కొట్టేది నువ్వు కాదంటే ఎవురో చూపించు" అన్నాను. అంత మొరటుగా దేవుడితో ఎన్నడూ మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున సంతోషమ్మ బస్సు దిగింది. ఏడవలేదు. ఆరాధనకు పోదాం పదమంది. రేపు మళ్ళీ సోమవారం, ఎల్లుండి కత్తి, గుడి వైపు అడుగు వేయాలంటేనే నాకు భయం. ఆమె మాట తీసెయ్యలేక బయలుదేరాను. వాలు కింద ఇద్దరం చెప్పులు విడిచాం. లోపల పాట మొదలైంది. ఆలస్యమైనవాళ్ళం మేమిద్దరమే. నేను బండ మీద ముందు నడుస్తున్నాను, సంతోషమ్మ వెనక అడుగు పెట్టింది, పెట్టీ పెట్టగానే ఎగిరి పక్క మట్టిలోకి దూకింది.

"అబ్బా! ఏమయ్యా, ఈ బండ పెనం మాదిరి కాలుతాండాది. నువ్వెట్ల నిలబడినావు?"

నేను నిలబడే ఉన్నాను, సహోదరులారా! నా కాలికి అది చల్లగానూ లేదు, వేడిగానూ లేదు. ఆమె నన్ను ఒక్క లాగు లాగి నీడకు తెచ్చి, కూర్చోబెట్టి, కట్టు విప్పింది. పుండు అంచున చర్మం అప్పుడే ఎర్రగా కమిలి ఉంది. వేలితో బండను తాకి, నా అరికాలిని తాకి, మళ్ళీ బండను తాకింది. "నిన్ను దేవుడు కొట్టల్యా, ఈ బండ కాల్చినాది" అంది. లోపల పాట నడుస్తూనే ఉంది, నేను గుడి బయట మట్టిలో కూర్చుని పసిబిడ్డలాగా ఏడ్చాను. నేను గీసిన వాలు, నేను పరిపించిన బండ! నిన్న సాయంత్రం అడిగినదానికి ఆయన నా భార్య అరికాలితో జవాబు చెప్పాడు.

ఆమె ఊరుకోలేదు. నన్ను అక్కడే ఉంచి డాక్టరుగారి ఇంటికి పోయి, అన్నం ముందు నుంచి లేపి తీసుకొచ్చింది. గుడి దగ్గర మెట్లు విడవమని మీరే చెప్పారట గదా అని అడిగింది.

"అవును, అరుగు మెట్లెక్కితే పాదం మీద బరువు పడుతుందని, ఆ మెట్లు వదిలేసి వాలు మీదుగా వెళ్ళమన్నాను" అన్నారాయన.

సంతోషమ్మ వంగి నా చెప్పు చేతిలోకి తీసుకుంది. "మా తట్టు మెట్లంటే ఇవి సార్."

డాక్టరుగారు ఆ చెప్పును, బండను, నా కాలిని మార్చి మార్చి చూశారు. చివరికి మంగళవారం ఆపరేషను లేదు, ఈ పుండు సంగతి మళ్ళీ మొదటి నుంచి చూద్దాం అన్నారు. దేవునికి స్తోత్రం!

అంతటితో అయిపోలేదు. వాలు మీద బోదగడ్డి పందిరి వేయించాం, బాగానే ఉంది, కానీ లోపలి గచ్చులోనూ మొనదేలిన రాళ్ళున్నాయి. చెప్పులతో గుడిలోకి రావాలని డాక్టరుగారు ఆర్డరు వేశారు. సంఘపెద్ద యోసేపప్ప ససేమిరా అన్నాడు. ఆయనా మాలాంటి రోగే, భక్తిలో మాత్రం కొండ. బైబిలులో మండే పొద ముందర, ఇది పరిశుద్ధ స్థలమని దేవుడంటే, ఆ భక్తుడంతటివాడు చెప్పులు విడిచాడే, మనమెంత అని నిలదీశాడు. కొందరు ఆయన వైపు, కొందరు డాక్టరుగారి వైపు. చెప్పులతో రానివ్వకపోతే గుడికి దూరం కావాలి, చెప్పుల్లేకుండా పోతే కాలికి దూరం కావాలి, నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క!

ప్రార్థన చేసుకుని, గీసే బల్ల ముందు కూర్చున్నాను. దారి దుమ్ము ఎన్నడూ తొక్కని జత ఒకటి ఉంటే? తెల్ల గుడ్డ పట్టీలతో, గుడి కోసమే కుట్టి, వాలు కింద పెట్టెలో పెట్టి, బయటి చెప్పులు అక్కడ విడిచి ఇవి తొడుక్కుని పోతే? మొదటి జత యోసేపప్ప కాలి గీత ప్రకారమే కుట్టించి ఆయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన వాటిని తిప్పి అడుగు చూశాడు, మన్ను లేదు. తర్వాత మెల్లగా మడమ ఎత్తి చూపించాడు. ఎవరికీ చెప్పుకోని పుండు ఆయనకూ ఉంది. ఆయన మీద కూడా దేవుడి కోపమేనని ఇన్నాళ్ళూ లోలోపల అనుకున్నాడట!

"ఆ భక్తునికి కాలు తెలుస్తాండె, జీవరత్నం. మనకు తెలీదు గదా" అన్నాడు. "మనకైతే దేవుడు తొడుక్కోమనే చెప్పింటాడు."

ఆ తర్వాతి ఆదివారం అవి తొడుక్కుని వాలు మీద మొదట నడిచింది యోసేపప్పే. వాటికి గుడిమెట్లని పేరు పెట్టిందీ ఆయనే. ఆ పేరు విని మా డాక్టరుగారు ఇప్పుడు ఏ మెట్లు అని రెండుసార్లు అడిగి గానీ రాసుకోరు.

నా పుండు మానింది, సహోదరులారా! కొత్త మాత్రలతో రోగమూ అణిగిపోయింది, ఇంటికి పోవచ్చన్నారు. రెండు కాళ్ళతో ఆత్మకూరులో బస్సు దిగి, మా పంతులుగారికి మొక్కి, సంతోషమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ ఈ షెడ్డుకే వచ్చాను. నా పాదానికి వేడి ఇప్పటికీ తెలియదు. అందుకే ఆదివారం వాలు దగ్గర సంతోషమ్మ ముందు తన కాలు పెట్టి చూసి, ఊ అన్నాకే నేను నడుస్తాను.

మీలో ఎవరినైనా దేవుడే పగబట్టి కొడుతున్నాడని అనిపిస్తుంటే, నా మాట విని ఆయనకు దూరంగా పోకండి. మొరటుగానైనా సరే ఆయననే అడగండి, ఆయన నొచ్చుకోడు, చూపిస్తాడు. మా గుడికీ రండి. వాలు కింద పెట్టెలో మెట్లుంటాయి. మీకు సరిపోయేవి లేకపోతే షెడ్డుకు వచ్చి కాగితం మీద పాదం పెట్టండి, గీస్తాను. దేవునికే మహిమ!