దేవుని డబ్బాలో దొడ్డు గింజలు

మా జేజి, అంటే నాయనమ్మ, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, మా ఇంటికి వచ్చినప్పుడు మూడు తెచ్చుకుంది: పెద్దచ్చు బైబిలు, రేకుడబ్బా, మా అందరి మీద అనుమానం. రోజూ పొయ్యి వెలిగించకముందే ఆ డబ్బాలో దేవుని పేర పిడికెడు బియ్యం వేసేది. ఆదివారం చర్చిలో కానుక ఇచ్చేది. ఆళ్లగడ్డలో మా అత్త తన పొలంలో పండించి పంపే సన్నబియ్యం అవి. మేం తినేవి రేషను స్టోరు బియ్యం, దొడ్డువి. మా ఇంట్లో దేవుడొక్కడే కలిగినవాడు.

ఒక శుక్రవారం జేజి డబ్బాను చాటలో కుమ్మరించింది. సన్నబియ్యంలో దొడ్డు గింజలు! ఎవరో సన్నవి తీసుకుని, తరుగు తెలియకుండా దొడ్డువి పోశారు. ఇంట్లో బడి మానేసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అనుమానం నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"దేవుని బియ్యం యాడ అమ్ముకుంటాండావ్ రా?"

"అమ్ముకునేవాణ్ణయితే ఈ చినిగిన చొక్కా ఎందుకేసుకుంటా జేజీ?"

"నవ్వులాటొద్దు. ఆదివారంలోగా దొంగ ఒప్పుకోకుంటే ఆళ్లగడ్డకు పోతా. మళ్లీ ఈ గడప తొక్కను."

సంచి సర్దేసింది కూడా. ఒక్క గింజ ముట్టలేదని బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను.

మరునాడు నేను పనిచేసే మెకానిక్ షెడ్డులో అమ్మ కట్టిచ్చిన క్యారేజీ విప్పితే పక్కవాడు తొంగిచూశాడు. "ఏందప్పా, రోజూ పెండ్లన్నమే తెస్తాండావ్?"

అప్పుడు చూశాను. సన్నన్నం. రాత్రి ఇంట్లో తినేదేమో దొడ్డన్నం. ఇన్నాళ్లూ నా ఆకలికి రుచెక్కువ అనుకున్నాను. దేవుని బియ్యం తిని, ఆ దేవుని ముందే ప్రమాణం చేశానన్నమాట.

సాయంత్రం జేజి ముందు నిలబడ్డాను. "నేనే తీసినా."

"ఔనా? ఆ డబ్బా మూత తీయి, చూస్తా."

లాగాను. గోళ్లు విరిగాయి కానీ మూత కదల్లేదు. నా అవస్థ చూడలేక అమ్మ వంటింట్లోంచి వచ్చి, గరిటె కాడ మూత కిందికి దూర్చి టక్కున లేపింది. లేపి, అక్కడే ఆగిపోయింది.

జేజి గరిటెను చూసింది, అమ్మను చూసింది.

"షెడ్డులో నలుగురి ముందర తింటాడని..." అమ్మ గరిటె కిందపెట్టింది.

"నన్నడిగితే ఇయ్యనా?" అంది జేజి. డబ్బాకు మూత పెట్టి, "ఆ సంచి ఇప్పు అమ్మీ, చీరలు నలుగుతాండాయి" అంది.

తర్వాత అత్త రెండు మూటలు పంపసాగింది, ఒకటి దేవునికి, ఒకటి నా క్యారేజీకి. అయినా జేజి బతికున్నన్నాళ్లూ చర్చికి బయలుదేరేముందు డబ్బాలో చెయ్యిపెట్టి గింజలు తడిమి చూసేది, ఒక కన్ను నా మీదే ఉంచి.