వంగని వంశం, కొండవాగు చేప

పరువు గోడకు వేలాడుతుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. నారాయణఖేడ్‌లోని మా పటేల్ ఇంట్లో అప్పటికే పొలాలు పోయాయి, పైకప్పు సగం పోయింది, మిగిలింది గోడమీద ఒక వెదురు గాలపు కర్ర. ఎవరో ఇంగ్లీషు దొర మా అజ్జకు (తాతను మా ఇంట్లో కన్నడంలో అలాగే పిలుస్తాం) బహుమానంగా ఇచ్చాడట. మాదేమో చేప పేరెత్తితే నోరు కడుక్కునే ఇల్లు. అందుచేత ఆ మహత్తర ఆయుధంతో తరతరాలుగా చింతకాయలు రాల్చాం. అయినా వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, "మన వంశంలో ఎవ్వరూ వంగలేదు" అన్న అజ్జ మాట అప్పజెప్పేవాణ్ణి. కర్రకూ ఆ మాటకూ సంబంధమేమిటని అడిగే ధైర్యం మా బావకొక్కడికే ఉండేది.

బావ, అంటే అక్క మొగుడు, హిమాచల్ కొండల్లో కరెంటు ప్రాజెక్టులో పనిచేసేవాడు. ఒక వేసవిలో అక్కను చూడటానికి వెళ్తూ కర్రను వెంట తీసుకెళ్లాను (పరువును ఇంట్లో వదిలి ప్రయాణం చేయలేం కదా). అన్నం దగ్గరే బావ మొదలుపెట్టాడు.

"ఏంది బామ్మర్దీ, గా కర్రకు చింతకాయలేనా, చేపలు గూడ రాలుతయా? మా ఏట్ల ట్రౌట్ చేపలున్నయి. ఒక్కటి పట్టు, ఇగ జిందగీల మీ ఇంటి గురించి నోరెత్త."

మర్నాడు, కర్రతోపాటు తెచ్చుకున్న అజ్జ షేర్వానీ తొడుక్కుని ఏట్లోకి దిగాను (పటేల్ వేటకు జీన్సులో వెళ్తాడా?). అజ్జ సన్నగా ఉండేవాడు. గుండీలు పెట్టాక నాకు ఊపిరి సగమే ఆడింది. మంచు కరిగిన నీళ్లలో కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. ఒడ్డున అక్క పక్కనే బావ వీడియో తీయడానికి ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఈకతో కట్టిన దొంగ ఈగను గాలానికి తగిలించి విసిరితే మొదట బావ టోపీ పడింది.

"గిది ఏ జాతి చేప?" అన్నాడు బావ.

"జర ఊకోండ్రి, వానికి గుస్సా ఎక్కువ" అంది అక్క.

రెండోసారి నిజంగానే పడింది. పడటమేమిటి, నా ముక్కు ఎత్తుకు ఎగిరింది. బతికున్న చేపను అంత దగ్గరగా చూసినవాళ్లలో మా వంశంలో నేనే మొదటివాణ్ణి. మీద పడ్డ బల్లిని విదిలించినట్టు కర్రను విదిలించి వదిలేశాను. కర్ర కొట్టుకుపోకుండా నా మోకాళ్ల దగ్గరే రెండు రాళ్ల మధ్య ఆగింది. చేప ఇంకా దారానికే ఉంది.

"వంగు! జల్దీ వంగు, చేప ఉన్నది!" బావ ఫోన్ పారేసి, నిజంగా నా గెలుపు కోసమే అరుస్తున్నాడు.

వంగితే షేర్వానీ వెనకాల నిలువునా చిరుగుతుంది. అదీ బావ ముందర. నేను నిటారుగా నిలబడ్డాను. కర్ర ఒకసారి అటూ ఇటూ తిరిగింది, కాస్త ఆగింది, ఇక లాభం లేదనుకున్నట్టు చేప వెంట వెళ్లిపోయింది.

బావ తడిసిన టోపీ పిండుకుంటూ అన్నాడు: "అజ్జ మాట నిలబెట్టినవ్ బామ్మర్దీ. వంగలే."

ఇప్పుడు నాకు నడుం నొప్పి. రోజూ పొద్దున వంగమని మా ఊరి దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఖాళీ మేకులున్న ఆ గోడ ముందే వంగుతుంటాను. వేళ్లు మోకాళ్లు దాటవు. దాటనక్కర్లేదు కూడా, ఆ రోజు కర్ర ఆగింది సరిగ్గా అంత ఎత్తులోనే.