సైకిల్ లేనివాడి ట్యూబు

నిన్న నా భార్య కమలకు మాత్రలు కొనడానికి ఇద్దరం బయలుదేరితే, వీధి మలుపులో ఎవరో పంక్చరు వేస్తున్నారు. ముక్కుకు ఘాటుగా తగిలే ఆ సొల్యూషన్ వాసనకు ఆగిపోయాను. డెబ్బైల చివర్లో చిత్తూరు గ్రంథాలయం పక్కనే ఉండిన ఖాదర్ భాయ్ సైకిల్ షాపు వాసన అది.

ఖాదర్ భాయ్‌కి చదువు రాదు. నాకు చదవడం తప్ప మరొకటి రాదు. మామిడి మండీలో గుమాస్తా పని ముగించుకుని రోజూ గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. తిరిగి వస్తూ ఆయన బల్ల మీద కూర్చుని పేపరు వార్తలు చెప్పేవాణ్ణి. "సదివినోడివి, నువ్వు సెప్తే సరేనప్పా" అనేవాడు. ఆ మాట మోసుకుని ఇంటికి వెళ్లేవాణ్ణి.

ఆ ఏడే మా రెండో పాప పుట్టింది. కాన్పులో కమల చావు దాకా వెళ్లి వచ్చింది. మళ్లీ కడుపొస్తే ఆమె ప్రాణానికి హామీ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆస్పత్రి నర్సమ్మ ఎర్ర త్రికోణం బొమ్మ ఉన్న నిరోధ్ రబ్బరు తొడుగుల పొట్లాలు నా చేతిలో పెట్టి, "ఎట్ల వాడాలో తెలుసునా?" అంది. వరండా నిండా జనం. "చదువుకున్నవాణ్ణి, తెలుసు" అని వచ్చేశాను.

తెలియదు. గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తీశాను. నిరోధము అంటే అడ్డగింత, నిర్బంధం అని ఉంది. ఎట్లా అడ్డగించాలో లేదు. మండీలో ఒకాయన అది వాడితే నరాల బలం పోతుందన్నాడు. ఇంకొకాయన కడిగి ఆరేసుకుని మళ్లీ వాడుకోవచ్చన్నాడు. ఎవరిని నమ్మాలో అర్థం కాలేదు. చివరికి ఒక పుస్తకంలో, తోలు వస్తువులకు నూనె పట్టిస్తే పగలవని చదివాను. తోలుకు మంచిదైనది రబ్బరుకు చెడ్డదవుతుందా? కొబ్బరినూనె రాశాను. చిరిగిపోయింది.

కమల గోడ మీది క్యాలెండరు వైపు చూసి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది.

మర్నాడు షాపులో పేపరు చదువుతూ రెండుసార్లు వరుస తప్పాను. "ఏమప్పా, ఈ పొద్దు వార్తలు కుంటతా ఉండాయి?" అన్నాడు ఖాదర్ భాయ్.

"భాయ్, కొత్త ట్యూబుకు కొబ్బరినూనె రాస్తే గట్టిపడుతుందా?"

"రబ్బరుకు నూనె పడదప్పా. సూడు." నూనె డబ్బా కింద పడి ఉన్న పాత ట్యూబు ముక్క తీసి లాగాడు. అది జిగటగా సాగి, పుటుక్కున తెగింది.

"పోనీ, ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే?"

"రెండు ట్యూబులా? ఒకదాన్నొకటి రాసుకోని రెండూ పోతాయి." చెయ్యి ఆగింది. "అవునప్పా, నీకు సైకిల్ యాడిది?"

నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నా వైపు చూడకుండా, నీళ్ల తొట్టిలో ట్యూబు తిప్పుతూ బుడగలు వెతుక్కున్నాడు.

"నాకు సైకిల్ ట్యూబు సంగతే తెల్సు. నీ ట్యూబు ఇచ్చినోళ్లని అడిగినావా?"

"లేదు భాయ్."

"సదువొచ్చినోడికి అడిగేదానికి ఏం రోగమప్పా?"

మర్నాడు పొద్దున్నే అదే వరండాలో నర్సమ్మకు జరిగిందంతా చెప్పాను. వెనక ఇద్దరాడవాళ్లు కిసుక్కున నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. "నూనె తగలనీయొద్దు. ఒక్కటే వాడాల, ప్రతిసారీ కొత్తది. కడిగి వాడేదానికి అదేమన్నా గలాసా? బలం యాడికీ పోదు. ఎండ తగిలే చోట పెట్టొద్దు. నెల తప్పితే ఆ పొద్దే ఆమెను పిల్చుకోని రా" అంది.

పదకొండు రోజులు కాచుకున్నాం. పన్నెండో రోజు పొద్దున కమల పెరటి గుమ్మం అవతలి నుంచి, "ఈ పొద్దు వంట మీరే చేసుకోవాల" అంది. ఎందుకని అడగబోయి, అర్థమై, పొయ్యి ముందు కూలబడ్డాను. ఆ రోజు అన్నం మాడింది. ఇద్దరం తిన్నాం.

వారం తర్వాత ఖాదర్ భాయ్, "నీ సైకిల్ బాగుండాదా?" అన్నాడు. "బాగుండాది భాయ్" అన్నాను. ఆయనకు నిజంగా ఎంత అర్థమైందో నాకు ఇప్పటికీ తేలలేదు. అడుగుదామనుకునేలోపే ఆయన పోయాడు.

నిన్న మందుల షాపులో, నలుగురూ వింటుండగా, ఈ మాత్రలు అన్నం తినకముందా, తిన్నాకా అని రెండుసార్లు అడిగాను. చీటీ మీద రాసే ఉంది, చదివాను కూడా. మూడోసారి నోరు తెరిస్తే కమల నా మోచెయ్యి పట్టుకుని నవ్వింది.