బావ బండిలోని వంకర

ఆ రోజుల్లో నాకు ఏ జబ్బూ లేదు, ఒక్క మా బావ తప్ప. మేనత్త కొడుకు, నాకంటే మూడు నెలలు పెద్ద, పాలిటెక్నిక్‌లో నా క్లాసే. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరైన మా నాన్న నోట "శభాష్" అన్న మాట ఏడాదికి ఒక్కసారి వస్తే, అదీ బావకే వచ్చేది. అందుకే కాలేజీలో స్ప్రింగు బండ్ల పోటీ పెట్టినప్పుడు (మోటారు, బ్యాటరీ ఉండకూడదు; స్ప్రింగు చుట్టి వదిలితే ఎవరి బండి తిన్నగా ఎక్కువ దూరం పోతే వాళ్ళది కప్పు) నాకు కప్పు మీద ఆశ లేదు. నాన్న ఆ ఒక్క మాట నాతో అంటే చాలు.

పోటీకి వారం ముందు నాన్న తాల్‌బగీచాలోని అత్త ఇంటికి వెళ్ళొచ్చి, అన్నం ముందు కూర్చుని, "మీ బావ బండి సూసినానురా. పువ్వులాగున్నాది. ఏటి ఆ పనితనం!" అన్నాడు. ఆ పూట పప్పు నాకు చేదుగా ఉంది. నా బండి అప్పటికి రెండు గజాలు పోయి ఆలోచనలో పడేది.

మర్నాడు మధ్యాహ్నం బావ ఇంట్లో ఉండని వేళ చూసుకుని, నాన్న కొలతలు తీసే వెర్నియర్ సంచిలో వేసుకుని టోటో రిక్షా ఎక్కాను. "అత్తా, బావ నోట్సు కావాల" అన్నాను. "లోపలున్నాయి, తీసుకోరా. టీ ఎడతానుండు" అని అత్త వంటింట్లోకి పోయింది. టీ మరిగేలోపు బండిని ఫోన్లో ఫోటోలు తీసి, చక్రం నుంచి స్ప్రింగు దాకా కొలిచేశాను. ముందు ఇరుసు ఒకవైపు కాస్త వంగి ఉంది. మరొకడైతే అనుమానించేవాడే. కానీ మాది వర్క్‌షాప్ ఇల్లు. నమూనా చేతికొస్తే ఎందుకని అడగకూడదు, వెంట్రుకవాసి తేడా లేకుండా దించాలి. నాన్న నాకు అక్షరాలకంటే ముందు నేర్పిన విద్య అది. పైగా రహస్యమంతా ఆ వంకరలోనే ఉందని నా అసూయ నాకు గట్టిగా చెప్పింది. ఆ వంపు సరిగ్గా రావడానికి మూడు రోజులు పట్టింది (రెండు ఇరుసులు విరిగాయి కూడా). మా వరండా పొడవు మూడు గజాలు. ఆ మేరకు బండి దివ్యంగా పోయింది.

పోటీ రోజు నాన్న సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు. ఎవరి కోసమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. బావ బండి గీత గీసినట్టు హాలు చివరిదాకా పోయింది. తర్వాత నేను వదిలాను. నా బండి బయల్దేరి, ఒయ్యారంగా ఎడమకు తిరిగి, జడ్జీల బల్ల ముందు ఊరేగింపులా సాగి, హాలంతా చుట్టి, నా కాళ్ళ దగ్గరికే వచ్చి ఆగింది. "దాదా, ఎటా తో బాడి ఫిరే ఎలో!" అని ఎవడో అరిచాడు. బండి ఇల్లు వెతుక్కుంటూ తిరిగొచ్చేసిందట.

బావ వచ్చి బండి తిరగేసి చూశాడు. "ఒరే, ఈ వంకరేటిరా? మా సెల్లి తొక్కేస్తే వచ్చిందిరా ఇది! మర్నాడే సరిసేసినాను కదా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

నాన్న నవ్వలేదు. "దించడానికి ఫోటో తీసుంటావు కదా, ఏదిరా?" అన్నాడు. దొంగతనం బయటపడ్డవాడిలా ఫోన్ ఇచ్చాను. ఒక కన్ను మూసి ఫోటో చూశాడు, ఇరుసు చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. "అచ్చం దిగిపోయినాదిరా. వంకరని ఇంత సక్కగా దించినోడు మా షాపులో కూడా లేడు. శభాష్!"

కప్పు ఖాయమైన బావ నవ్వు ఆపి నావైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, అన్నాళ్ళూ అది నా ముఖం మీదే కాపురముండేది. ఇప్పుడు తలుచుకుంటే, అతను మామూలుగానే చూశాడేమో అని కూడా అనిపిస్తుంది. అడిగితే తేలిపోతుంది, బావ ఇంకా తాల్‌బగీచాలోనే ఉంటాడు. ఎందుకో, ఇన్నేళ్ళయినా అడగబుద్ధి కాలేదు.