కార్డు మీద తక్కువ అంకె

1996లో నేను చిక్కడపల్లిలో ఒక డాక్టరు గారి క్లినిక్‌లో నర్సును. నా నోటి దురుసు పేషెంట్లందరికీ తెలుసు. యాదగిరి దగ్గర మాత్రం ఎందుకో మెత్తబడేదాన్ని.

అతనికి ముప్పై తొమ్మిదేళ్లు. కవాడిగూడలో కిరాయి ఇల్లు, స్కూలు బస్సు డ్రైవరు. బీపీ కొద్దిగా ఎక్కువ, నూటయాభై బై తొంభై ఆరు. తండ్రి చిన్న వయసులోనే పక్షవాతంతో పోయాడని విని, డాక్టరు గారు నారాయణగూడ పంపి కెరోటిడ్ డాప్లర్, అంటే మెడ నాళాల స్కాన్ చేయించారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం గోడ అప్పుడే కాస్త మందమైందని రిపోర్టు వచ్చింది.

"ఇంకా మొదట్లోనే ఉంది. ఉప్పు తగ్గించు. నెల రోజులు వారం వారం సిస్టర్‌కు బీపీ చూపించుకో. తగ్గకపోతే మందులు మొదలుపెడదాం," అన్నారు డాక్టరు గారు.

యాదగిరికి మందులంటేనే హడలు. "గోలీలు షురూ చేస్తే సచ్చేదాంక మింగాలంట గద అక్కా. మా బస్సు సేటుకు తెలిస్తే స్టీరింగ్ ముట్టనియ్యడు. జర సూసి రాయి," అని బతిమాలేవాడు.

మెట్లెక్కి వచ్చినవాళ్లకు బీపీ ఎక్కువ చూపిస్తుందని, కాసేపు కూర్చోబెట్టి రెండోసారి చూసి పేషెంటు కార్డు మీద రాయడం మా పద్ధతి. యాదగిరికి నేను మూడోసారి, నాలుగోసారి కూడా పట్టీ కట్టాను. ఎప్పుడు తక్కువొస్తే అది రాశాను. నాలుగు వారాలూ అదే పని. పాదరసం చూపించిందే కదా రాస్తున్నాను, ఇందులో అబద్ధమేముంది అని సర్దిచెప్పుకున్నాను. కార్డు చూసి డాక్టరు గారు, "పర్వాలేదు, మందులు వద్దులే," అన్నారు. యాదగిరి నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

రెండేళ్ల తర్వాత ఒక పొద్దున భార్య మల్లమ్మ అతణ్ణి ఆటోలో తెచ్చింది. బస్సు ఎక్కబోతూ పడిపోయాడట. మూతి వంకర పోయింది, కుడిచెయ్యి వేలాడుతోంది, మాట లేదు. బీపీ రెండొందలు దాటింది. డాక్టరు గారు వెంటనే పెద్దాసుపత్రికి చీటీ రాస్తున్నారు. ఆలోగా మల్లమ్మ అతని చొక్కా జేబులోంచి, మడతలు చిరిగిన మా కార్డు తీసి నా ముందు పెట్టింది.

"నువ్వు బాగుందనే రాసినవ్ గదక్కా. దీన్నే జేబుల వెట్టుకొని తిరిగిండు. మరి గిట్లెందుకైంది?"

ఛీ, ఏ మొహం పెట్టుకుని చెప్పను? డాక్టరు గారి చీటీ అందుకుని, అతణ్ణి మళ్లీ ఆటో ఎక్కించాను. అతని చెయ్యి మళ్లీ లేవలేదు, స్టీరింగూ పోయింది.

డాక్టరు గారితో ఆ సాయంత్రమే ఒప్పుకున్నాను. అప్పటి నుంచి ఎన్నిసార్లు చూస్తే అన్ని అంకెలూ కార్డు మీద రాస్తున్నాను. ఎవరైనా "జర సూసి రాయి" అంటే కసురుతాను. మల్లమ్మ అడిగినదానికి మాత్రం ఇప్పటికీ జవాబు చెప్పలేదు.