ఒంటి గింజ

మా అక్కది దేవరుప్పుల పక్క ఊరు. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. ధాన్యం కొలతలు, భూమి గుంటలు నా అంతట నేనే నేర్చుకున్నాను. అందుకే వాళ్ళింట్లో దేవుని మాట తెలుసుకోవడానికి గింజలు పట్టినప్పుడల్లా లెక్క నాదే.

దేవుని ముందు పెట్టిన బియ్యంలోంచి ఇంటి ఆడమనిషి చిటికెడు తీసి ఇస్తుంది. నేను జంటలుగా పేర్చాలి. అన్నీ జతపడితే దేవుడు మన మీద చల్లగా ఉన్నట్టు. ఒకటి మిగిలితే అలిగినట్టు.

బావ కడుపులో గడ్డ. జనగామ దవాఖానలో తెల్లారే ఆపరేషన్ కావాలి, ఆలస్యమైతే దక్కడన్నారు. గింజలు ఒప్పుకుంటే తప్ప పంపనని అక్క పట్టుబట్టింది. రెండు చిటికెలు ఒంటివే వచ్చాయి.

"మూడోది ఆఖరు తమ్మీ. దేవునికి మనమీద గింత కోపమేంది?"

"నీ తమ్ముడు దేవుని పరీక్ష పేపర్లు దిద్దుతుండు," అన్నాడు బావ మంచంలోంచి. నవ్వబోయి మూలిగాడు. అక్క అటు తిరిగింది.

ఇరవైమూడు. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. మిగిలిన గింజకు కొస విరిగి ఉంది. దాన్ని గోటితో లాగి, చీటీలో మడిచి, జేబులో వేసుకున్నాను.

"జంటలే అక్కా. పదకొండు."

ఆ ఇరవైరెండింటినీ పసుపు గుడ్డలో మూడు ముడులు వేసి నేనే దేవుని గూట్లో పెట్టాను. ఇంటికి తాళం వేసి అందరం దవాఖానకు పోయాం. తాళంచెవి నా దగ్గరే ఉంది.

పదకొండో రోజు బావ తన కాళ్ళ మీద ఇల్లు చేరాడు. మూటలోని గింజలు కూడా వేసి పరమాన్నం వండాలని అక్క పొయ్యి ముట్టించింది. నా గింజను గుట్టుగా కలిపేద్దామని మూట విప్పాను. ముడులు నావే, నేను వేసినట్టే ఉన్నాయి.

ఇరవైమూడు ఉన్నాయి.

మూడుసార్లు లెక్కపెట్టాను. ప్రతిసారీ ఒకటే మిగిలింది. దానికీ కొస విరిగి ఉంది, నా గింజకు విరిగిన వైపే. చీటీ విప్పి చూశాను. నా గింజ నా దగ్గరే ఉంది.

అలిగినవాడు నా దొంగతనానికి జత సిద్ధం చేసి కూర్చుంటాడా? ప్రేమే అయితే నా వీపు ఎందుకంత చల్లబడింది?

"ఏంది తమ్మీ, మొఖం గట్ల పెట్టినవ్? జంటలేనా?"

నా గింజను దాని పక్కన పెట్టాను.

"జంటలే అక్కా," అన్నాను. అబద్ధం చెప్పిన రోజు వణకని గొంతు ఇప్పుడు వణికింది.