చప్పుడు చేయని తెల్లపెట్టె

"ఆ తెల్లపెట్టె నా తోటలోకి రాదు. వచ్చిందంటే చెత్తకుప్పలో పారేస్తా."

"పారెయ్ అత్తా. ఈగల్ను కూడా దాంట్లోనే పారెయ్. పోయినెండాకాలం రెండు పెట్టెలు కరిగిపాయ. ఇంగ ఒకటే ఉండాది. అదీ పోతే మామ ఈగల్ను యాడ నుంచి తెస్తావు?"

"చెక్కతో చేయించుకో. అటక మీద మామిడి చెక్కలుండాయి. వడ్లాయనకు ఒకపూట పని."

"చెక్కలోకి ఎండ దిగుతాది. థర్మాకోల్‌లోకి దిగదు. ఈగల్ను పెంచేది నేర్పిచ్చేటప్పుడు లోపల చెయ్యి పెట్టి చూడమన్నారు, చూసినా."

"చేపలోడు ఐసు పెట్టుకునే దాంట్లో ఎవురన్నా ఈగల్ను పెడతారా మే?"

"ఐసు కరగదనే కదా వాడు పెట్టుకునేది. నా మాటే నువ్వు చెప్తాండావు."

ఈ మాటలు నాకూ నా కోడలికీ మధ్య ఫిబ్రవరి చివర, బద్వేలుకు ఇవతల ఉన్న మా చీనీ, అంటే బత్తాయి, తోటలో జరిగాయి. కోడలి చేతిలో ఫోను, ఫోనులో ఆ పెట్టె బొమ్మ. తేనెపట్టు కట్టుకునే చట్రాలు ఐదు పట్టే చిన్న పెట్టె. పెద్ద పెట్టెలోని తేనెటీగల్లో సగం తీసి వేరు కాపురం పెట్టించడానికి అలాంటిది కావాలి. మేము దాన్ని పిల్లపెట్టె అంటాము.

ఆ ఈగలు నా భర్త తెచ్చినవి. కొండ వాలులో ఒక బండ నెర్రెలో ఉంటే పట్టి తెచ్చి, మూడు చెక్కపెట్టెలయ్యేదాకా పెంచాడు. ఆయన పోయిన మరుసటి వేసవిలోనే రెండు పెట్టెల్లో మైనం మెత్తబడి, తేనెపట్లు జారి, ఈగలు తమ తేనెలోనే మునిగి చచ్చాయి. మిగిలిన ఒక్కదాన్ని రెండు చేస్తే ఒకటైనా ఎండాకాలం దాటుతుందని కోడలి లెక్క. అది సరైనదే. నేను కాదన్నది పెట్టెను.

ఎందుకు కాదన్నానో ఆమెకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఆయన తన కళ్ళు ఇస్తానని ఎప్పుడో కాగితం రాసి పెట్టాడు. పోయిన రోజు కడప నుంచి ఇద్దరు వచ్చారు. చదువుకున్నవాళ్ళు, మర్యాదగా మాట్లాడారు. నన్ను సంతకం పెట్టమంటే మూడో తరగతిలో నేర్చుకున్న అక్షరాలతో పెట్టాను. వాళ్ళు లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. కాసేపటికి ఒకాయన చిన్న తెల్ల థర్మాకోల్ పెట్టె పట్టుకొని బయటికి వచ్చి, నా ఎదుటే మూత గట్టిగా నొక్కాడు. కిర్రుమంది. దాన్ని మోటారు సైకిల్ మీద ముందు పెట్టుకొని వెళ్ళిపోయారు. లోపల ఆయన ముఖం మామూలుగానే ఉంది, నిద్రపోతున్నట్టే. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. నేను మాత్రం ఆ కిర్రు చప్పుడు దగ్గరే ఉండిపోయాను. అప్పటి నుంచి ఎవరో ఇద్దరు ఆయన కళ్ళతో చూస్తున్నారు. ఎవరో తెలియదు. ఏం చూస్తున్నారో అసలే తెలియదు.

పోట్లాటలో నేనే ఓడాను. అటక మీది చెక్కలు దింపించాను. పనికొస్తాయని పదేళ్ళుగా ఎవరినీ ముట్టనివ్వని చెక్కలు. వడ్లాయన ఒకదాన్ని చేత్తో నొక్కితే వేళ్ళు లోపలికి పోయాయి. పైన పొర ఒక్కటే ఉంది, లోపలంతా చెదలు తిన్న పొడి.

"దాచిపెట్టింది చెదలకా," అని నాలో నేను అనుకునేంతలో వడ్లాయన నవ్వాడు. నేను నవ్వలేదు.

తెల్లపెట్టె వచ్చింది. మార్చి చివర్లో ఒక సాయంత్రం కోడలు చెక్కపెట్టె నుంచి మూడు చట్రాలు తీసింది. వాటి మీద ఈగలూ, పిల్లలూ, ఇంకా పుట్టని రాణి ఉన్న గూడూ ఉన్నాయి. వాటిని తెల్లపెట్టెలో దింపి మూత నొక్కింది. కిర్రుమంది. నేను చేతిలోని చెంబు కింద పెట్టేశాను.

"ఇరవై దినాలు మూత తీయకూడదు అత్తా. రాణి పుట్టాల, బయటికి పోయి జతకట్టి రావాల, గుడ్లు పెట్టాల. నడుమ కదిలిస్తే అంతా పోతాది."

"లోపల బతికుండాయో లేదో ఎట్ల తెలుస్తాది?"

"తెలీదు. ఓపిక పట్టాల."

చెక్కపెట్టెకు ఆ ఇబ్బంది లేదు. నా భర్త నేర్పిన పద్ధతి ఒకటుంది. వేలి కణుపుతో పెట్టె మీద ఒక్కసారి తట్టి చెవి ఆనించాలి. లోపల ఝుమ్మని లేచి టక్కున ఆగితే రాణి ఉన్నట్టు. ఆగకుండా మూలుగులా సాగితే లేనట్టు. రోజూ మిట్టమధ్యాహ్నం చెక్కపెట్టె మీద తడి గోనెపట్ట కప్పడం నా పని. కప్పేటప్పుడు తట్టి, విని, వచ్చేదాన్ని.

చెక్కపెట్టె బోరు షెడ్డుకు అవతల ఉంటే, తెల్లపెట్టె ఇవతల చెట్టు కింద ఉంది. మరునాడు దాన్నీ తట్టాను. పత్తిమూట మీద కొట్టినట్టుంది. చెంప ఆనించాను. ఏమీ లేదు. కానీ ఆ గోడ వెచ్చగా ఉంది. చెక్క చెంపకు తగిలితే చెక్కలా ఉంటుంది. ఇది మనిషి ఒంటిలా వెంటనే వెచ్చబడింది. నేను ముఖం వెనక్కి తీసుకున్నాను.

"నీ పెట్టెలో ఏమీ లేదు మే," అన్నాను ఇంటికి వచ్చి.

"ఉండాయి. నీకు వినపడదంతే."

"నా చెవులు బాగుండాయి."

"నీ చెవులకేం, పక్కూళ్ళో మాటలు కూడా ఇంటాయి. పెట్టె గోడ మందం అత్తా."

ఈగలు తిరగడం కూడా తక్కువే. పెద్దవన్నీ పాత చోటికి, చెక్కపెట్టెకే మళ్ళిపోయాయి. తెల్లపెట్టెకు ముందువైపు గుండ్రటి ద్వారం, నడుమ నల్లటి రంధ్రం. ఉదయం నాలుగు ఈగలు వచ్చేవి, పోయేవి. మధ్యాహ్నానికి అవీ ఉండవు. ఆ వేళ తోటలో పిట్ట కదలదు, ఆకు కదలదు, బోరు కూడా ఆగిపోతుంది. నేను నడుస్తుంటే ఆ గుండ్రటిది నా వైపే ఉన్నట్టుండేది. షెడ్డు చుట్టూ తిరిగి వెనక నుంచి పోయి చూశాను. అప్పుడు ఆ చూపు నా వీపు మీద ఉన్నట్టనిపించింది. ఒకరోజు దాని ముందు నుంచి పోతూ, పెద్ద మగమనిషి కూర్చొని ఉన్నట్టు కొంగు సర్దుకున్నాను. సర్దుకున్నాక, ఎందుకు సర్దుకున్నానో తెలిసి అక్కడే నిలబడిపోయాను.

ఆ తెలుపు కనబడకుండా చేస్తే సరిపోతుందనుకున్నాను. కోడలు కూడా, పెట్టెకు రంగు వేయాలి, ఎండకు పొడి రాలుతుంది, అని అంటూనే ఉంది. ఇంట్లో తలుపులకు వేయగా మిగిలిన పచ్చరంగు డబ్బా ఉంది. అడుగున గట్టిపడిన రంగు. ఉన్నది పెట్టుకొని కొత్తది కొనడం నా చేత కాదు.

ఏప్రిల్‌లో, ఆ ఇరవై దినాలు ఇంకా నిండకముందే, కోడలు స్త్రీల కూటానికని పక్క ఊరి చర్చికి పోయిన రోజు, గోనెపట్ట తడపడానికి బయల్దేరేముందు డబ్బాలో థిన్నరు పోసి కర్రతో కలిపాను. ముందు రంగు పూసి, తర్వాత పట్ట కప్పుదామనుకున్నాను. మిట్టమధ్యాహ్నం. పెట్టె పక్కగోడ మీద కుంచెతో రెండు గీతలు పూశాను.

సన్నగా సుయ్యిమంది. పూసినచోట రంగు లోపలికి దిగుతోంది. గోడ మీద మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి. గుంటలు కలిసి పెద్దవయ్యాయి. నాలుగు రోజులు జ్వరం పడ్డ మనిషి బుగ్గలాగా ఆ పక్కంతా నా కళ్ళముందే లోపలికి పీక్కుపోయింది. కొంగుతో తుడిచాను. కొంగుకు పచ్చటి జిగురు అంటుకొని, తీగలా సాగి వచ్చింది. అది వచ్చినచోట రూపాయి బిళ్ళంత రంధ్రం తెరుచుకుంది. లోపల చీకటి.

ఆ చీకటిలో నుంచి చప్పుడు వచ్చింది.

ఝుమ్మని లేచింది. టక్కున ఆగింది.

నేను తట్టలేదు. ఈసారి వేలి కణుపుతో తట్టాను. లేచింది, ఆగింది. ఆయన బతికున్నప్పుడు మూడు పెట్టెల దగ్గరా విన్న చప్పుడే. రాణి ఉంది. ఇన్నాళ్ళూ లోపల ఉంది, నేను లేదంటున్నాను. నేను పెట్టె పక్కనే నేల మీద కూర్చున్నాను. రంధ్రం అంచున ఒక ఈగ వచ్చి నిలబడి నా వైపు తిరిగింది. పోలేదు. నీడ జరిగి చెట్టు దాటేదాకా నేనూ పోలేదు.

పొద్దువాలాక కోడలు వచ్చి చూసింది.

"థిన్నరు పోసినావా అత్తా? థర్మాకోల్‌కు నీళ్ళరంగు పూయాల."

"నాకెవురు చెప్పినారు?"

"నువ్వు ఎవుర్ని అడిగినావు?"

"రాణి ఉండాది," అన్నాను.

ఆమె నా ముఖం చూసి, రంధ్రానికి అడ్డంగా రేకుముక్క ఆనించింది. చీకటి పడుతోందని ఇద్దరం ఇంటికి వచ్చేశాము.

మరునాడు పొద్దున తోటకు పోతే కొళాయి మీద గోనెపట్ట కనబడింది. ఎండి అట్టలా ఉంది. నిన్న దాన్ని తడపలేదు, చెక్కపెట్టె మీద కప్పలేదు. షెడ్డు అవతలికి పోయాను. చెక్కపెట్టె అడుగు నుంచి తేనె కారి నేల మీద మడుగు కట్టింది, చుట్టూ చీమలు. లోపల పట్లన్నీ జారి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నడుమ ఈగలు. చావనివి లేచిపోయాయి. అయినా వేలి కణుపుతో తట్టి చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు.

కోడలు వెనకే వచ్చి చూసింది. ఇవతలి పెట్టె దగ్గరికి పోయి రేకుముక్క తీసింది. నేను కరిగించిన రంధ్రంలో నుంచి ఈగలు బయటికి వస్తున్నాయి, కాళ్ళకు పసుపు పుప్పొడితో తిరిగి దాంట్లోకే పోతున్నాయి. గుండ్రటి ద్వారం దగ్గర ఒక్కటీ లేదు.

ఆమె ఫోను తీసి, అలాంటి తెల్లపెట్టె ఇంకొకటి కావాలని చెప్పింది. నేను వద్దనలేదు. చీపురు తెచ్చి చచ్చిన ఈగల్ను ఊడ్చాను.